వైద్యశకటము పైకప్పున సౌరఫలకములు

1909వ సంవత్సరమున డాక్టరు ఐడా స్కడ్డరు దొరసానిగారు వేలూరు నుండి గుడియాత్తము పోవు బాట వెంట, ఒంటి సిలిండరు గల ఫ్రెంచి పెజో మోటారు బండిలో మందులు వేసికొని పోయి, దారి ప్రక్కనే రోగులను చూచుచుండిరి. మన చిత్తూరు జిల్లా అప్పటికింకను ఏర్పడలేదు. అది 1911లో ఏర్పడెను. ఆ నాటి మందుల పెట్టెకు విద్యుచ్ఛక్తితో నిమిత్తము లేదు. సీసా బిరడా గట్టిగా నున్న చాలును. నేటి వైద్యశకటము సంగతి వేరు. అందు టీకా మందులును, మధుమేహరోగులకిచ్చు ఇన్సులినును ఉండును. వీనిని 2 డిగ్రీలకు తగ్గకుండ, 8 డిగ్రీలకు మించకుండ, రేయింబవళ్లు శీతలపేటిక యందు భద్రపరుపవలయును. సూక్ష్మదర్శినికి దీపము కావలెను. రోగుల వివరములు వ్రాయు కంప్యూటరునకు ఛార్జింగు కావలెను. మే నెలలో ఫంకాలు లేక ఆ రేకుల గదిలో నర్సు కూర్చుండజాలదు.

బండి నడుచుచున్నంతసేపు ఇంజను ఈ పనులన్నిటికి శక్తి నొసగును. చిక్కు వచ్చునది బండి నిలిచినపుడే. ఇంజను నాపి బండి స్వంత బ్యాటరీనే వాడితిమా, సాయంకాలమునకు బండి స్టార్టు కాదు. ఆపక నడిపింతుమా, డీసెలు వృథా. పొగ యంతయు బయట వరుసగా కూర్చున్న దగ్గు రోగుల ముఖముల మీదికే వచ్చును. చిన్న జనరేటరు పెట్టినచో దాని రొదలో డాక్టరునకు స్టెతస్కోపులో గుండె చప్పుడు వినబడదు. ఇంతకన్న పెద్ద ప్రమాద మొకటి కలదు. అనేకములైన టీకా మందులు వేడి తగిలి చెడిన పిమ్మట మరల చల్లబరచినను బాగుపడవు. చూచుటకు మాత్రము మంచివివలెనే యుండును. అట్టి మందును పొడిపించుకొని ఇంటికి పోయిన బిడ్డ తల్లి, తన బిడ్డకు రక్షణ కలిగినదనియే నమ్మును. కావున పైకప్పున సౌరఫలకముల నమర్చుట యను ఈ విషయమును వేడుకపని యని తలపక, లెక్కగట్టి చేయవలసిన పనిగా నిచట వివరించెదను. విహారయాత్రలకై వ్యాను కొని అందే వంటయు పడకయు ఏర్పరచుకొను వారికిని ఈ లెక్కలే పనికివచ్చును.

సూర్యకాంతిని రెండు విధముల వాడుకొనవచ్చును. మొదటిది వేడిగా వాడుట. తిరుమల కొండపై 2002లో 106 అద్దపు పళ్లెములను సూర్యుని వైపు త్రిప్పి, ఆ వేడిమితో నీటి నావిరి చేసి, దేవస్థానపు భక్తులకు అన్నము వండు ఏర్పాటు నెలకొల్పబడెను. రెండవది కాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చుట. మన విషయ మిదియే. కాంతి సోకుట వలన విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశపు ఎడ్మండ్ బెక్రెల్ 1839లో కనిపెట్టెను. పనికివచ్చు సిలికాను ఘటము మాత్రము 1954లో గాని అమెరికా దేశపు బెల్ ప్రయోగశాలలో తయారు కాలేదు. అది తనపై పడిన కాంతిలో నూటికి 6 పాళ్లనే విద్యుత్తుగా మార్చెను. నేడు అంగడిలో దొరకు మంచి ఫలకములు నూటికి 20 పాళ్లకు పైగా మార్చుచున్నవి. పరుగిడు బండిపై వీనిని నిలుపవచ్చునా యను శంక అక్కరలేదు. 2017 జూలైలో మన రైల్వేవారు ఢిల్లీలో ఒక డీసెలు రైలు పెట్టెల పైకప్పులకు, పెట్టెకు 16 చొప్పున ఫలకముల నమర్చి, దీపములకును ఫంకాలకును ఆ విద్యుత్తునే వాడిరి.

ఇక మన శకటము. అంగడికి పోయి “ఎంత పెద్ద ప్యానెలున్నది?” యని యడుగుట మనవారి యలవాటు. అది తలక్రిందుల పద్ధతి. ముందుగా మన కెంత కావలెనో కాగితము మీద వ్రాయవలెను. శీతలపేటిక నడుచునపుడు 50 వాట్లు తీసికొనును. అది నడుచుచు ఆగుచు దినమునకు 12 గంటలు నడుచు ననుకొందము: 600 వాట్-గంటలు. 25 వాట్ల ఫంకాలు రెండు, 6 గంటలు: 300. 5 వాట్ల దీపములు నాలుగు, 4 గంటలు: 80. సూక్ష్మదర్శిని మొదలగు చిన్న పరికరములకు 20 వాట్లు, 4 గంటలు: 80. కంప్యూటరు 60 వాట్లు, 2 గంటలు: 120. మొత్తము 1180 వాట్-గంటలు. ఇంటి కరెంటు బిల్లులో యూనిటు అనబడునది 1000 వాట్-గంటలే కనుక, మన శకటమునకు దినమునకు సుమారు 1.2 యూనిట్లు కావలెను. ఈ పట్టికలో సగభాగము శీతలపేటికదే యని చదువరులు గమనింతురు గాక. తలుపు దగ్గరగా మూతపడు మంచి పేటికను కొనుటకు వెచ్చించిన సొమ్ము, పైకప్పున ఫలకము హెచ్చించుటకు వెచ్చించిన దానికన్న తరచుగా ఎక్కువ ఫలము నిచ్చును.

ఫలకముపై వ్రాసియుండు వాట్లు, చదరపు మీటరునకు 1000 వాట్ల ఎండ పడుచు, ఘటము 25 డిగ్రీల చల్లదనముతో నున్నపుడు కొలిచినవి. అట్టి నిండు ఎండ దినములో కొంతసేపే యుండును. ఉదయము నుండి సాయంకాలము వరకు పడిన ఎండ నంతటిని కూడి, నిండు ఎండగా లెక్కించినచో, మన ప్రాంతమున సంవత్సరపు సరాసరిని దినమునకు సుమారు 5 గంటలని చెప్పవచ్చును. వేడి వలన, దుమ్ము వలన, తీగెలలోను బ్యాటరీలోను పోవు నష్టములన్నియు తీసివేసి నూటికి 65 పాళ్లు మిగులు ననుకొన్నచో, ఒక్కొక్క వాటు ఫలకము దినమునకు 5 × 0.65, అనగా 3.25 వాట్-గంటల నిచ్చును. 1180ని 3.25చే భాగింపగా 363 వచ్చును. కాబట్టి 200 వాట్ల ఫలకములు రెండు, మొత్తము 400 వాట్లు, చాలును. నూటికి 20 పాళ్ల సామర్థ్యము గల ఫలకములకు ఇవి రెండు చదరపు మీటర్ల చోటు నాక్రమించును. సామాన్యపు వ్యాను కప్పుపై ఈ చోటు దొరకును.

అయితే సరాసరిని నమ్మి మోసపోరాదు. దక్షిణ రాయలసీమలో వానలు ఈశాన్యపు గాలితో, ఆశ్వయుజ కార్తిక మాసములలో విశేషముగా కురియును. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగిన సంగతి పెద్దలెల్లరకు జ్ఞాపకముండును. అట్టి ముసురులో నిండు ఎండ రెండున్నర గంటలకు మించక పోవచ్చును. ఒక్కొక్క దినమున అంతకన్న తక్కువయే. అప్పుడు 400 వాట్ల ఫలకము లిచ్చునది 400 × 2.5 × 0.65, అనగా 650 వాట్-గంటలు మాత్రమే. ఇది శీతలపేటిక కొక్కదానికి సరిపోవును. పల్లెలకు బాటలు తెగి, నీళ్లు కలుషితమై, జ్వరములును విరేచనములును ప్రబలి, వైద్యశకటము కొరకు జనులు ఎక్కువగా ఎదురుచూచు కాలము నదియే. కావున ఫలకములను వేసవి ఎండ చూచి గాక కార్తికపు మబ్బు చూచి నిర్ణయింపవలెను. ఆ కాలమున ఫంకాలను కట్టివేసి, కంప్యూటరును ఊరి బడిలో ఛార్జి చేసికొని, పేటిక నొక్కదానిని కాపాడుకొనుట యుక్తము. ఎండ బొత్తిగా లేని దినములకై, బండి నడుచునపుడు ఇంజను నుండి రెండవ బ్యాటరీని నింపు ఏర్పాటు గూడ నుండవలెను.

ఫలకమును పడుకోబెట్టవలెనా, వాలుగా నిలుపవలెనా యని పెక్కురు చర్చింతురు. ఐరోపా వారు వ్రాసిన పుస్తకములలో వాలుగా నెత్తు మరచట్రములను గూర్చి ఎంతయో ప్రశంస కలదు. వారి సూర్యుని గూర్చి వారు వ్రాసిరి. మన సూర్యుడు వేరు. చిత్తూరును తిరుపతియు భూమధ్యరేఖకు ఉత్తరముగా 13 డిగ్రీలకు పైచిలుకు దూరమున నున్నవి. వాతావరణమును పరిశోధించు జాతీయ ప్రయోగశాల గల మన గాదంకి అక్షాంశము సుమారు 13.5 డిగ్రీలు. ఏప్రిలు చివరి వారమునను, ఆగస్టు మూడవ వారమునను, మధ్యాహ్నమున సూర్యుడు సరిగా మన నడినెత్తి మీద నుండును. జూన్ 21వ తేదీని 10 డిగ్రీలు ఉత్తరమునకు జరుగును. డిసెంబరు 21న మాత్రము 37 డిగ్రీలు దక్షిణమునకు వాలును. త్రికోణమితి నేర్చిన పై తరగతి విద్యార్థులు 37 డిగ్రీల కొసైను 0.80 అని చెప్పగలరు. అనగా పడుకొన్న ఫలకముపై అత్యంత ప్రతికూలమైన దినపు మధ్యాహ్నమున కూడ నూటికి 80 పాళ్ల ఎండ పడును. లండను నగరమున అదే దినమున సూర్యుడు నడినెత్తికి 75 డిగ్రీల దూరమున నుండును. 75 డిగ్రీల కొసైను 0.26 మాత్రమే. అందుచేత వారికి వాలు ప్రాణాధారము.

ఇంటి మిద్దె మీద 13 డిగ్రీలు దక్షిణముగా వాల్చిన ఫలకమునకు డిసెంబరులో 80కి బదులు 91 పాళ్లు దొరకును; ఇంటికది మంచిదే. ఇల్లు తిరుగదు. బండి యేమో బాట ఎటున్న అటు, నీడ ఎటున్న అటు నిలుచును. దక్షిణమునకై వాల్చిన ఫలకము ఒకనాడు ఉత్తరమునకు ముఖము త్రిప్పి నిలిచినచో, డిసెంబరు సూర్యునికి దానికి నడుమ కోణము 50 డిగ్రీలై, దొరకునది 64 పాళ్లకు పడిపోవును. పైగా నెత్తిన ఫలకము గాలికి తెరచాప యగును. కావున మన ప్రాంతపు శకటమునకు ఫలకమును కప్పుతో సమముగా పడుకోబెట్టుటయే నా యభిప్రాయము. వాననీరు నిలువకుండ రెండు మూడు డిగ్రీల వాటము మాత్రము చాలును.

మన దేశమున ఫలకమునకు నిజమైన శత్రువులు రెండు: వేడియు, నీడయు.

ఎండ హెచ్చిన కొలది ఫలకము హెచ్చుగా పనిచేయు ననుకొనుట సహజము. కాంతి హెచ్చిన హెచ్చును గాని, వేడి హెచ్చిన తగ్గును. ఘటము 25 డిగ్రీలు దాటిన పిమ్మట ఒక్కొక్క డిగ్రీకి సామర్థ్యము నూటికి సుమారు 0.35 పాలు తగ్గును. రేణిగుంటలో మే నెలయందు నీడలోనే 42 డిగ్రీలున్ననాడు, ఎండలోని ఘటము 70 డిగ్రీలకు చేరును. 45 డిగ్రీల హెచ్చుకు నష్టము 16 పాళ్లు; 400 వాట్ల ఫలకము 336 వాట్లదగును. ఇది క్రింద గాలి యాడుచున్నపుడు. రేకుకు అంటించినచో ఇంకను వేడెక్కును. ఈ కారణమున, వంగునట్టి పలుచని ఫలకములను జిగురుతో కప్పునకు అంటించు పద్ధతి మన ఎండలకు తగదు. అవి తేలికయే, చూచుటకు సొంపే, అమర్చుట యొక పూట పని. కాని వాని పై పొర అద్దము గాక ప్లాస్టికు అగుటచే ఎండకు మసకబారును, బుడగలు లేచును. వాని వేడి యంతయు లోన కూర్చున్న రోగి నెత్తి మీదికి దిగును. అల్యూమినియము చట్రము, గాజు పలక గల మామూలు ఫలకమును కప్పునకు ఐదు సెంటిమీటర్ల యెత్తున నిలిపినచో, క్రింద గాలి పారును, ఫలకము చల్లబడును, పైగా అది కప్పునకు గొడుగు వలె నీడ పట్టును. ఒకే స్ఫటికము నుండి కోసిన మోనో యను రకమునే కొనవలెను. చిన్న కప్పుపై చదరపు మీటరునకు అదియే హెచ్చు నిచ్చును. కొనునపుడు ఫలకము వెనుక అంటించిన చీటీ నోపికతో చదువుడు. వాట్లు, వోల్టులు, ఆంపియర్లు, వేడికి తగ్గు పాలు, బరువు అన్నియు అందుండవలెను. భారత ప్రమాణముల సంస్థ వారి ఐ.ఎస్. 14286 గుర్తు లేని దానిని చవక యని తీసికొనరాదు.

నీడ సంగతి ఇంకను చిత్రము. ఫలకములోని ఘటములు ఒకదాని వెనుక నొకటి వరుసగా కలుపబడి యుండును. బావి నుండి కళ్లము వరకు వరుసగా నిలుచుండి కడవలందించు మనుష్యులను తలచుకొనుడు. అందొకడు అలసి కూర్చున్నచో తక్కినవా రెంత బలవంతులైనను కడవ ముందుకు సాగదు. అట్లే ఒక్క ఘటముపై మఱ్ఱియాకు పడినను ఆ వరుస యంతయు మందగించును; నీడపడిన ఘటము వేడెక్కి కాలిపోవుటయు కలదు. దీనిని తప్పించుటకు ఫలకమును రెండు మూడు భాగములుగా చేసి, చెడిన భాగమును ప్రక్కదారిని దాటిపోవుటకు డయోడు అను చిన్న పరికరమును అమర్చుదురు. అప్పటికిని ఆకొక్కటి ఫలకములో మూడవ వంతును హరింపగలదు. కప్పు మీది సామాను కడ్డీ, రేడియో కమ్మి, నీళ్ల ట్యాంకి, వీని సన్నని నీడలును ఇట్లే హాని చేయును. కావున ఫలకముల స్థానమును నిర్ణయించుటకు ముందు, ఉదయము 9 గంటలకును, మధ్యాహ్నమునను, సాయంకాలము 4 గంటలకును కప్పు నెక్కి, ఏ నీడ యెక్కడ పడుచున్నదో సుద్దముక్కతో గీసికొనుట మంచిది.

ఇక్కడ నొక ధర్మసంకటము కలదు. పల్లెలో డ్రైవరు మొదట వెదకునది చింతచెట్టు. రోగులకును వైద్యులకును నీడ కావలెను. ఫలకమునకు ఎండ కావలెను. రోగులను చెట్టు క్రింద కూర్చుండబెట్టి, బండిని చెట్టుకు దక్షిణముగా ఎండలో నిలుపుట ఒక్కటే యుపాయము. చెట్టు నీడ సంవత్సరములో అధికభాగము మధ్యాహ్నవేళ ఉత్తరముగా పడును కనుక ఇది సాధారణముగా కుదురును; మే నెల నుండి ఆగస్టు నడుమ వరకు మాత్రము నీడ దక్షిణమునకు మరలును, అప్పుడు ఉత్తరపు ప్రక్కను చూచుకొనవలెను. భూగోళపాఠములో నేర్చినది డ్రైవరునకు సయితము పనికివచ్చుట ఇట్లు!

ఫలకము నుండి వచ్చు విద్యుత్తును నేరుగా బ్యాటరీలోనికి పంపరాదు. నడుమ కంట్రోలరు ఉండవలెను. ఇందు రెండు రకములు కలవు. చవక రకము ఫలకపు 18 లేక 20 వోల్టులను బ్యాటరీ యొక్క 13 వోల్టులకు లాగివేయును. మిగిలిన వోల్టులు వ్యర్థము. ఎం.పి.పి.టి. అను రెండవ రకము ఆ హెచ్చు వోల్టులను ఆంపియర్లుగా మార్చి యిచ్చును. దానికే ఖర్చు పెట్టవలెనని నా సలహా. 400ను 13చే భాగింపగా సుమారు 31 ఆంపియర్లు. కనుక 40 ఆంపియర్లది తీసికొనవలెను. చలిలో ఫలకపు వోల్టులు పెరుగును. హార్సిలీకొండ మీద తెల్లవారుజామున బండి నిలిపి యున్నపుడు రెండు ఫలకముల వరుస ఎన్ని వోల్టుల కెక్కునో, దానిని కంట్రోలరు తట్టుకొనునో లేదో చీటీ చూచి తెలిసికొనవలెను.

తీగె లావు విషయమున ఓము సూత్రమును జ్ఞప్తికి తెచ్చికొందము. మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు లావు గల రాగితీగె నిరోధము సుమారు 0.0175 ఓములు. కప్పు నుండి కంట్రోలరునకు పోకయు రాకయు కలిపి 10 మీటర్లనుకొనుడు. రెండు ఫలకములను ప్రక్కప్రక్కగా కలిపినచో 20 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు పారును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగెలో 0.87 వోల్టు నష్టపడును, అనగా నూటికి 4 పాళ్లకు పైగా. ఒకదాని వెనుక నొకటి కలిపినచో 40 వోల్టుల వద్ద 10 ఆంపియర్లే పారును; నష్టము 0.44 వోల్టు, నూటికి 1 పాలు. తీగె కిది లాభము. కాని ఒక ఫలకముపై నీడ పడు అవకాశమున్నచోట ప్రక్కప్రక్కగా కలిపి, తీగెను 6 మిల్లీమీటర్లది వాడుట మేలు. మన పల్లెబాటలను చూచియుంటిని గనుక రెండవ పద్ధతినే నేను కోరుదును.

బ్యాటరీకి వత్తునా, సీసపు ఆమ్లపు బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియరు-గంటలది పేరునకు 2400 వాట్-గంటలు. సగమునకు మించి వాడినచో త్వరగా చెడును, కనుక పనికివచ్చునది 1200. బరువు 50 కిలోలకు మించును. లిథియము-ఇనుము-ఫాస్ఫేటు రకము 100 ఆంపియరు-గంటలది పది పన్నెండు కిలోలే తూగి, సుమారు 1000 వాట్-గంటల నిచ్చును. ఏదైనను కదలకుండ బిగింపవలెను. సీసపుదాని నుండి వచ్చు జలజని వాయువు బయటకు పోవు దారి యుంచవలెను. లిథియముదానిని ఎండతగులు గోడకు దూరముగా నుంచవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, బ్యాటరీ కొనకు జానెడు దూరములో ఫ్యూజు ఉండి తీరవలెను. తీగె యెక్కడనో రాపిడికి ఒలిచి బండి రేకును తాకినచో, బ్యాటరీ వందల ఆంపియర్ల నొక్కసారిగా వదలును. అది దీపము కాదు, కొరివి. ఫ్యూజు ధర కొలది రూపాయలు మాత్రమే. దానిని మిగిల్చిన పొదుపు పొదుపు కాదు.

ఇప్పుడు బిగింపు. గాలి యొత్తిడి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 80 కిలోమీటర్లు, అనగా సెకనుకు 22 మీటర్లు, పోవు బండిపై సూటిగా తగులు గాలి యొత్తిడి చదరపు మీటరునకు సుమారు 28 కిలోల బరువునకు సమానము. ఆషాఢమాసపు ఎదురుగాలి గంటకు 40 కిలోమీటర్లు తోడైనచో వేగము ఒకటిన్నర రెట్లే యైనను ఒత్తిడి రెండుంబాతిక రెట్లగును. రెండు చదరపు మీటర్లకు సుమారు 128 కిలోలు. పడుకొన్న ఫలకముపై గాలి సూటిగా తగులదు గాని, దాని క్రింద దూరి పైకి లేపజూచును. బెంగుళూరు బాటలో ఎదురుగా లారీ దాటిపోవునపుడు కలుగు కుదుపును చేర్చుకొనుడు. కనుక ప్రతి ఆధారమును లెక్కకు వచ్చిన బలమునకు నాలుగింతలు ఓర్చునట్లు కట్టవలెను. ఊడిన ఫలకము వెనుక వచ్చు మోటారు సైకిలు వాని మెడమీద పడినచో, వైద్యమునకై బయలుదేరిన బండియే ప్రాణహంత యగును.

8 మిల్లీమీటర్ల తుప్పుపట్టని ఉక్కు బోల్టు ఈ బలమునకు తెగదు. చినుగునది కప్పు రేకు. అది తగరపు డబ్బా కన్న కొంచెము మందము, అంతియే. కాబట్టి బోల్టులను ఒట్టి రేకులో బిగింపక, రేకు క్రింద అడ్డముగా పోవు వాసములకు, లేదా ప్రక్కల నీటి కాలువ అంచులకు బిగింపవలెను. తప్పనిసరియైన చోట రేకు లోపల అరచేతి వెడల్పు ఉక్కు పలక నుంచి దాని మీదుగా బిగింపవలెను. రంధ్రము చేసిన వెంటనే దాని అంచునకు తుప్పు నాపు రంగు పూయుడు. పిదప పాలియురథేను ముద్ద నింపి బోల్టు దూర్చుడు. అల్యూమినియమును ఉక్కును తడిలో తాకుచుండిన రెండింటిలో నొకటి తినివేయబడును గనుక నడుమ రబ్బరు బిళ్ల వేయుడు. నట్టులు లోన నైలాను వలయము గలవి కావలెను; కుదుపునకు మామూలు నట్టు తనంత తానే విప్పుకొనును. తీగె లోనికి దిగు రంధ్రమున నీరు చొరని గ్లాండును అమర్చి, తీగెను ముందు క్రిందికి వంచి పిమ్మట పైకి తెచ్చి దూర్చినచో, వాననీరు వంపు వద్దనే జారిపోవును. మొదటి నూరు కిలోమీటర్ల తరువాత నట్టులన్నిటిని మరల బిగింపుడు. భాకరాపేట కనుమ నొకమారు దిగి వచ్చిన పిదప చూచిన ఇంకను మంచిది.

బండి యెత్తు పెరిగినదని డ్రైవరు ఎదుట కాగితముపై వ్రాసి అంటింపవలెను. రైలు వంతెనల క్రింద దారులు గల ఊళ్లలో ఇది మరపునకు రాకూడదు. బండి నిర్మాణమున మార్పు చేయువారు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును చూచుకొని, రవాణా కార్యాలయమున ముందుగా విచారించుట క్షేమము. కొండ దారులలో కోతుల బెడద వేరొకటి. అవి వ్రేలాడు తీగె నేదైనను తీగగానే భావించి ఊగును. తీగెలన్నియు గొట్టములలో దాచుట వానకన్న వానికే యెక్కువ యవసరము! దుమ్మును తెల్లవారుజామున మంచినీళ్లతోను మెత్తని గుడ్డతోను కడుగవలెను. మిట్టమధ్యాహ్నమున కాలుచున్న అద్దముపై చన్నీళ్లు పోయరాదు.

పై తరగతుల విద్యార్థులు ఈ పాఠమును చేతులతో పరీక్షింపగోరినచో, 10 వాట్ల చిన్న ఫలకము, ఒక మల్టీమీటరు చాలును. నిండు ఎండలో ఫలకమును పడుకోబెట్టి ఆంపియర్లు వ్రాసికొనుడు. తరువాత ఒక ఘటమును మాత్రము చింతాకు రెమ్మతో, పిదప అరచేతితో కప్పి ఎంత తగ్గెనో చూడుడు. ఫలకమును దక్షిణమునకు, ఉత్తరమునకు 13 డిగ్రీలు వాల్చి చూడుడు. మే నెలలో ఉదయము 8 గంటలకును మధ్యాహ్నము ఒంటిగంటకును, వెనుక చేయి తాకి వేడిని గమనించుచు, వోల్టులను కొలువుడు. తేదీ, గంట, మబ్బున్నదా లేదా యను వివరములు తప్పక వ్రాయవలెను. ఇవి లేని అంకెలతో మరునాడు ఏ పోలికయు చేయజాలరు.